అమావాస్య కొండలు

మొగుడి పేరు నోటితో పలకకూడదంటారు. కాగితం మీద రాస్తే దోషం లేదని మా మనవరాలు చెప్పింది కాబట్టి రాస్తున్నాను: భావనారాయణ. నా మేనత్త కొడుకే. నాకు పదమూడో ఏట పెళ్ళయింది. అంతకు ముందూ బావా అనే పిలిచాను, ఆ తరవాతా బావా అనే పిలిచాను. మంగళగిరిలో మా వీధిలో అరవై ఇళ్ళుంటే అరవై ఇళ్ళలోనూ మగ్గం ఆడేది. అంతమంది నేతగాళ్ళలో కొండల పిచ్చి ఉన్న మనిషి ఒక్కడే ఒక్కడు. ఆ ఒక్కడూ ఏరి కోరినట్టు నాకే దొరికాడు.

మంగళగిరిలో ఉండి కొండల కోసం వెతకడమేమిటి, ఊరి నెత్తి మీదే కొండ ఉంది కదా అంటారేమో. నేనూ అదే అడిగాను. నరసింహస్వామి ఉన్నాడు, మెట్లున్నాయి, పైన పానకం ఉంది. శుభ్రంగా ఎక్కి దండం పెట్టుకుని రావచ్చు. పండగొస్తే ఎక్కేవాడు, కాదనను. కానీ ఆయనకు కావలసింది అలాంటి కొండ కాదు. దేవుడు లేని కొండ కావాలి!

"దేవుడున్న కొండకి పోతే ఏదో ఒకటి అడగాలనిపిస్తుందే రమణా. అన్ని మెట్లూ ఎక్కి ఊరికే దిగబుద్ధి కాదు. నాకేమో అడగాల్సింది ఏమీ లేదు" అనేవాడు.

"ఏమీ లేదా? ఇంటి మీద తాటాకు మార్చి మూడేళ్ళయింది. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నా చేతులకి మట్టిగాజులు తప్ప గతి లేదు. అడగాల్సింది ఏమీ లేదా బావా?"

దానికి నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నేతపని చేసేవాళ్ళకి ఆదివారాలు లేవు. మాకు సెలవంటే అమావాస్యే. ఆ రోజు ఎవరూ మగ్గం ముట్టుకోరు. తక్కిన నెలంతా తెల్లవారకముందే మగ్గం గుంటలో కాళ్ళు దించి కూర్చుంటే అన్నానికి లేవడం, దీపాలవేళకి లేవడం, అంతే. నేను పక్కనే రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టి అందించేదాన్ని. కాబట్టి అమావాస్య వస్తే వీధిలో మగవాళ్ళు నూనె పెట్టుకుని తలంటి పోసుకునేవాళ్ళు, మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాళ్ళు, కుర్రకారు బెజవాడ పోయి సినిమా చూసొచ్చేవాళ్ళు. మా ఆయన కొండెక్కేవాడు.

ఎక్కడం ఒక్క పూటే. ఏ కొండ ఎక్కాలో తేల్చుకోవడానికి మాత్రం నెలంతా పట్టేది. ఆడపిల్లకి సంబంధం చూసినా అంత విచారణ ఉండదు. గాజుల మలారం భుజాన వేసుకుని గుల్జార్ బేగం మా వీధికి వచ్చిందంటే ఇక నా చేతికి గాజులు ఎక్కినట్టే. ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, మగ్గం దగ్గర్నుంచే ప్రశ్నలు మొదలుపెట్టేవాడు. ఆమె గుంటూరు నుంచి నరసరావుపేట దాకా ప్రతి పల్లే తిరిగిన మనిషి.

"బేగమ్మా, ఆ పేరేచెర్ల అవతల కొండ ఉందే, దాని మీదకి మేకలు పోతాయా?"

"పోతాయి నాయనా."

"మేకలు పోతే మనిషి పోవచ్చు. మధ్యలో నీళ్ళున్నాయా?"

"కార్తీకం దాకా ఉంటాయి. తరవాత ఉండవు. నీకెందుకయ్యా ఈ ఆరాలన్నీ? మేకలు కొంటావా?"

ఇదీ వరస. మిరపకాయల బండ్లవాళ్ళు గుంటూరు పోతూ కనిపించినా వదిలేవాడు కాదు. పొద్దున రైలెక్కితే దీపాలవేళకి ఇంటికి చేరగలిగేంత దూరం ఉండాలి. సగం దారిలో నీళ్ళుండాలి. మేకలు కూడా భయపడే కొండ అయితే వద్దు. మరీ ఊళ్ళో పిల్లలంతా ఎక్కి ఆడుకునే గుట్ట అయితే అదీ వద్దు. దశమికి ఒక కొండ ఖాయం చేసేవాడు, ద్వాదశికి మార్చేవాడు, చతుర్దశినాడు మళ్ళీ మొదటిదే అనేవాడు. మగ్గం మీద నాడె అటూ ఇటూ పరుగెత్తుతున్నంతసేపూ నా చెవిలో ఈ రొదే. మధ్యలో నేను, "నన్నూ తీసుకుపోరాదా ఒకసారి" అంటే, "ఆ కొండ నీకు పనికిరాదే" అనేవాడు. ఏ కొండ అడిగినా అదే జవాబు. పనికొచ్చేది నేను తెల్లవారుజామున లేచి చేసిచ్చే పులిహోర ఒక్కటే! పక్కింటి రోశయ్య ఆ పులిహోర కోసమే ఈయన వెంట పోయేవాడని నా అనుమానం. ఆ మనిషికి కొండల మీద ఏమాత్రం మోజు లేదు.

యాభై ఎనిమిదో సంవత్సరం మాఘ అమావాస్యకి బోడికొండ తేలింది. గుంటూరులో మాచర్ల బండి ఎక్కి, ఫిరంగిపురం దాటాక దిగి, చేలగట్ల మీద రెండు మైళ్ళు నడిస్తే వస్తుంది. కింద చింతగుంటపాలెమని చిన్న పల్లె. బేగం చెప్పింది: మేకలు పోతాయి, సగంలో రాతిదొనలో నీళ్ళుంటాయి, పైన ఏమీ లేదు. ఏమీ లేదనగానే మా ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆ సాయంత్రం ఈయనా, రోశయ్యా కళ్ళు ఎర్రగా చేసుకుని, ముక్కులు చీదుకుంటూ ఇంటికొచ్చారు. రోశయ్య పంచె చిరిగింది. ఏం జరిగిందో రోశయ్యే చెప్పాడు.

పల్లెవాళ్ళు పట్టుకున్నారట. అమావాస్య పూట, దేవుడు లేని కొండ మీదకి, ఊరూ పేరూ తెలియని ఇద్దరు మగవాళ్ళు. లంకెబిందెల కోసం కాకపోతే ఎందుకు పోతారు? నాకు వాళ్ళ మీద కోపం కూడా రాలేదు. మా వీధికి వచ్చి అలా ఎవరన్నా తిరిగితే మేమూ అదే అనుకునేవాళ్ళం. సరే, సంచి విప్పి చూపించి బయటపడదామనుకున్నారు. సంచిలో ఏమున్నాయి? దాహానికి నాలుగు నిమ్మకాయలు, అవి కోసుకోవడానికి కత్తి, పచ్చగా పసుపు వేసిన నా పులిహోర! ఈలోగా పైనుంచి మేకల కాపరి పరుగెత్తుకొచ్చి, పొదపొదకీ ఎర్రదారం కట్టి ఉందని చెప్పాడట. దిగేటప్పుడు దారి తప్పకుండా మా ఆయన ప్రతి కొండ మీదా నూలుముక్కలు కట్టుకుంటూ పోయేవాడు. నేతగాడి జేబులో నూలే ఉంటుంది. ఆ నెల మా మగ్గం మీద ఉన్నది ఎర్రంచు చీర.

ఇంకేముంది! ఇద్దర్నీ మిరపకాయల కల్లంలో, ఆరబోసిన కాయల మధ్య, మూడో ఝాము దాకా కూర్చోబెట్టారు. రోశయ్య తుమ్మి తుమ్మి సొమ్మసిల్లబోయాడట. చివరికి మునసబు వచ్చి, పేర్లూ ఊరూ రాసుకుని వదిలేశాడు. నేను పైట అడ్డం పెట్టుకుని పకపకా నవ్వాను. తప్పే, కానీ ఆపుకోలేకపోయాను.

ఆ నవ్వు నాలుగు రోజులే. ఐదో రోజు మునసబు రాసిన ఉత్తరం మా కులపెద్ద సీతారామాంజనేయులు గారి చేతికి వచ్చింది. మీ వీధివాళ్ళు మా కొండ మీద క్షుద్రపూజలు చేస్తున్నారు, మళ్ళీ కనిపిస్తే బాగుండదు అని. ఆ సాయంత్రం మంటపంలో పెద్దలు కూర్చుని ఈయన్ని పిలిపించారు. వెనక స్తంభం చాటున మేము ఆడవాళ్ళం నిలబడ్డాం.

"ఒరేయ్ అబ్బాయ్, నువ్వు పూజలు చేసేవాడివి కాదని నాకు తెలుసు. మరి దేవుడు లేని కొండ మీద ఏముందిరా? అది చెప్పు చాలు" అన్నారు పెద్దాయన.

ఏళ్ళ తరబడి కొండల కబుర్లతో నా చెవులు తినేసిన మనిషి, "ఏమీ లేదండి" అన్నాడంతే.

"ఏమీ లేనిదానికి వీధి పరువు తీస్తావా? ఉగాదినాడు పంచాంగం చదివాక, అందరి ముందూ దీపం ఆర్పి ఒట్టు పెట్టు. దేవుడు లేని కొండ ఇక ఎక్కనని. అంతటితో అయిపోతుంది."

"అలాగేనండి" అన్నాడు మా ఆయన. మా వీధిలో దీపం ఆర్పి పెట్టిన ఒట్టు తప్పినవాడు అప్పటిదాకా లేడు.

ఆ నెల నేను మరిచిపోలేను. గుల్జార్ బేగం వచ్చి గాజులు తొడిగి పోయింది, ఈయన తలెత్తి పలకరించాడు, అంతే. బండ్లు పోతున్నా ఎవర్నీ ఆపలేదు. దశమి వచ్చింది, ద్వాదశి వచ్చింది, ఏ కొండ పేరూ లేదు. అన్నం ముందు కూర్చుని సగంలో లేచేవాడు. నాడె చప్పుడు తప్ప ఇంట్లో చప్పుడు లేదు. ఇన్నేళ్ళూ ఆ రొద ఎప్పుడు ఆగుతుందా అని విసుక్కున్నదాన్ని, అది ఆగాక నాకు ఊపిరాడలేదు. నిజం చెప్పొద్దూ, భయం వేసింది. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, ఉన్నట్టు లేడు.

చతుర్దశినాడు నేనే అన్నాను. "రేపు కొత్త అమావాస్య. ఒట్టు ఎల్లుండి కదా. రేపు బోడికొండకి పోదాం. నేనూ వస్తున్నాను."

"నీకేమన్నా పిచ్చా? మళ్ళీ అక్కడికా?"

"పెద్దాయన అడిగితే నువ్వు చెప్పలేకపోయావు. నేను నా కళ్ళతో చూసొచ్చి చెప్తాను. ఏమీ లేకపోతే ఏమీ లేదనే చెప్తాను, నీ ఒట్టు నువ్వు పెట్టుకో."

మా అత్త వెంకాయమ్మ గుండెలు బాదుకుంది. "అమావాస్య పూట ఆడదానివి కొండెక్కుతావటే! నా తమ్ముడు నిన్ను ఇలాగేనా పెంచింది?" అంది. మా పిల్లలిద్దర్నీ ఆమె ఒళ్ళో కూర్చోబెట్టి, "సాయంత్రానికి వస్తాంలే అత్తా" అని బయల్దేరాను. ఈసారి సంచిలో పెరుగన్నం కట్టాను. పసుపు అన్న మాట లేదు.

చింతగుంటపాలెం కల్లంలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. ఒకామె తలెత్తి మా ఆయన్ని గుర్తుపట్టింది. ఆమె పేరు సుబ్బరావమ్మ అని తరవాత తెలిసింది. మనిషి బారు, గొంతు అంతకన్నా బారు.

"ఓయమ్మో! ఆ నిమ్మకాయలాయన మళ్ళీ వచ్చాడే! ఈసారి ఆడమనిషిని తెచ్చాడు!" అని కేక పెట్టింది. చేతిలో కాయలు పారేసి నా దగ్గరకి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఎవరి పిల్లవే నువ్వు? నీకేమి చెప్పి తెచ్చాడు? నిన్ను బలిస్తాడే తల్లీ, లంకెబిందెలకి ఆడమనిషి రక్తం కావాలంటారు!"

తక్కినవాళ్ళంతా మూగారు. మా ఆయన ముఖం పాలిపోయింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరు, ఈయనా నన్ను బలిచ్చేది? కోడిని కొయ్యమంటే కళ్ళు మూసుకుని పక్కింటివాణ్ణి పిలుస్తాడు! పద్దెనిమిదేళ్ళ నుంచి నేను ఈయన్ని కాల్చుకు తింటున్నాను గానీ ఈయన నన్నేం చెయ్యగలడు? ఇదిగో, తాళి కట్టినవాడే. నా మేనత్త కొడుకే!"

"మరి ఆ నిమ్మకాయలెందుకూ?"

"దాహానికి!"

"ఎర్రదారాలో?"

"దారి తప్పకుండా. నేతగాడి జేబులో నూలు ఉండక మీ ఊరి మాగాణి ఉంటుందా?"

సుబ్బరావమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఇద్దరం ఒక జాతి గయ్యాళులమని ఆమెకీ అర్థమైనట్టుంది. "అయితే పైన ఏముందని పోతున్నారు?" అంది, గొంతు కాస్త తగ్గించి.

"అదే చూద్దామని నేనూ వచ్చాను. నమ్మకం లేకపోతే నువ్వూ రా."

"నేనా? నేను కాపురానికొచ్చి ముప్పై ఏళ్ళయింది. పైకి ఎప్పుడూ పోలేదు. దేవుడా పాడా, ఎందుకు పోతాను?" అంటూనే కొడవలి చేత పుచ్చుకుని మా వెనకే బయల్దేరింది. ఆ కొడవలి మాకు కాపలానో, మా మీద కాపలానో నేను అడగలేదు.

ఎక్కడం మొదలుపెట్టాక తెలిసింది, రాట్నం ముందు కూర్చునేవాళ్ళకి కొండలెంత కష్టమో. తల ప్రాణం తోకకొచ్చింది. ఈయన ముందు నడుస్తూ, ఎక్కడ కాలు పెట్టాలో చెప్తూ, ముళ్ళకంపలు పక్కకి లాగి పట్టుకుంటూ పోతున్నాడు. రాతిదొన దగ్గర ఆగి నీళ్ళు ముంచిచ్చాడు. చల్లగా ఉన్నాయి. ఇంట్లో తన మంచినీళ్ళ చెంబు తనకి దొరకని మనిషి, ఆ కొండ మీద అన్నీ ఎరిగిన పెద్దమనిషిలా మసలుతుంటే నాకు నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది.

చివరి నాలుగు బారలు ఉండగా నేను ఒక బండ మీద కూలబడ్డాను. సుబ్బరావమ్మ నన్ను దాటుకుని పైకి పోయింది. పోయి ఒక్క కేక పెట్టింది.

"అదిగో మా చేను! ఓసి నా తల్లో, అది మా చేనే! ఆ ఎర్రగా కనబడేది మా కల్లం! మా పత్తి చేను ఇంత చిన్నదా? దీనికోసమా మా మరిదితో పదేళ్ళు మాటల్లేకుండా ఉన్నాను!"

నేను నవ్వుతూ తలెత్తి చూశాను. ఆమెకి రెండు బారల ఇవతల, అన్నిటికన్నా ఎత్తు బండ మీద మా ఆయన నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ నడుం మీద ఆనించి, వెనక్కి వంగి, మళ్ళీ నెమ్మదిగా నిటారుగా అయ్యాడు. ఎముకలు ఒకటొకటే సర్దుకోవడం నాకు కిందికి వినిపించింది. భుజాలు వెనక్కి పోయాయి. మెడ పైకి లేచింది. ఎవరీ మనిషి అనుకున్నాను ఒక్క క్షణం. ఇంట్లో నాకు తెలిసిన భావనారాయణ గుంటలో నడుం దాకా మునిగి, నూలు మీదకి వంగి ఉండే మనిషి. లేచినా ఆ వంపుతోనే లేస్తాడు, వాకిట్లోకి పోయినా ఆ వంపుతోనే పోతాడు, మంచం మీద కూడా అలాగే ముడుచుకుని పడుకుంటాడు. నేను ఎప్పుడూ పక్కనుంచే చూశాను, కండె అందిస్తూ. ఆయన ఇంత పొడుగని నాకు తెలియదు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, బావురుమన్నాను. ఆయన గబగబా దిగొచ్చి, "ముల్లు గుచ్చుకుందా?" అని నా కాలు పట్టుకుని చూశాడు. "గుచ్చుకుంది, గుచ్చుకుంది, నువ్వు కాసేపు అలాగే పైన నిలబడు బావా" అన్నాను. ఏమీ అర్థం కాక పోయి నిలబడ్డాడు. పెరుగన్నం ముగ్గురం పంచుకున్నాం. సుబ్బరావమ్మ పోయేటప్పుడు నా కొంగులో సేరు మిరపకాయలు పోసింది.

మర్నాడు ఉగాది. పంచాంగం చదవడం అయ్యాక దీపం తెచ్చి మంటపంలో పెట్టారు. మా ఆయన స్నానం చేసి, తడి పంచెతో వచ్చి దాని ముందు నిలబడ్డాడు. నేను స్తంభం చాటు నుంచి ముందుకొచ్చాను. వీధంతా ఉలిక్కిపడింది. మా అత్త నా కొంగు పట్టుకుని లాగింది. నేను ఆగలేదు.

"పెద్దయ్యగారూ, నిన్న నేను పోయి చూసొచ్చాను. మీరు ఆ రోజు అడిగిందానికి జవాబు చెప్పమంటారా?"

"చెప్పమ్మా. ఏముంది?"

"ఏమీ లేదండి. రాళ్ళు, గాలి. కాపురానికొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. నా మొగుడు నడుం ఎత్తి నిలబడితే ఎంత మనిషో నిన్న ఆ కొండ మీదే చూశాను. ఒట్టు పెట్టిస్తే మళ్ళీ చూడను. అంతేనండి నేను చెప్పగలిగింది."

మంటపంలో కూర్చున్న మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు గానీ, ఇద్దరు ముగ్గురు మాత్రం నడుం మీద చెయ్యి వేసుకోవడం నేను చూశాను.

సీతారామాంజనేయులు గారికి అప్పటికి డెబ్భై దాటాయి. యాభై ఏళ్ళు గుంటలో కూర్చున్న మనిషి. వీపు ఎంత వంగిపోయిందంటే, ఎవరితో మాట్లాడినా వాళ్ళ కాళ్ళకేసి చూసే మాట్లాడేవారు. ఆయన కర్ర ఆనుకుని లేచారు. మా ఆయన ముఖం చూద్దామని తల పైకెత్తబోయారు. చూపు మా ఆయన గుండెల దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించారు. మా ఆయనే మోకాళ్ళ మీద కూర్చుని తన ముఖం ఆయన కళ్ళకి అందేట్టు పెట్టాడు.

"దీపం అలాగే ఉండనీరా, ఆర్పొద్దు" అన్నారు పెద్దాయన. గొంతు తగ్గించి, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారు. "నాలాంటివాడు ఎక్కగలిగే కొండ ఏదన్నా ఉంటుందంటావా?"

మంగళగిరి నుంచి మాచర్ల దాకా ప్రతి కొండ పుట్టుపూర్వోత్తరాలూ చెప్పగల మా బావ, పెద్దాయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాడు.